గుర్రాన్ని ఎవరూ అడగలేదు

మొన్న సాయంత్రం నా బజ్జీల బండి దగ్గర ఒక కుర్రవాడు ఫోనులో పాట పెట్టాడు. పాట అంటున్నాను కానీ అందులో మాటలు లేవు. ముందు సన్నని ఇనుప నాలుకను ఎవరో మీటుతున్న చప్పుడు. దాని మీద, బిగించి కట్టినదేదో నిలువునా చిరిగిన చప్పుడు. నా చేతిలోని చిల్లుల గరిటె మూకుడులోకి జారిపోయింది.

"ఏంది ఆంటీ, భయపడ్డవా?" అని కుర్రవాడు నవ్వాడు. "జాజ్ ఇది. జాజ్, ఫోక్ కలిపి చేసిండ్రు. మన క్యాంపస్ సారు చేసిన ఆల్బమే. డ్రమ్ములన్నీ చేత్తో చేసినయంట, గీ షెడ్డులనే అంట గదా. కొట్టినాయన పేరు పక్కన హైదరాబాద్ అని రాసిండ్రు గానీ, ఫోటో చూస్తే ఆఫ్రికాయన లెక్కున్నడు. అసలుకైతే ఏ దేశం ఆంటీ?"

ఆయన బతికి ఉండి ఈ ప్రశ్న ఆయన చెవిన పడి ఉంటే, ఆ కుర్రవాడి ముక్కు ఈపాటికి పగిలి ఉండేది. మాటవరసకు అనడం లేదు. పగలగా నేను చూశాను.

నేను ఆయనను గమనించిన మొదటి రోజే ఒకరి ముక్కు పగిలింది. తార్నాక వైపు యూనివర్సిటీ గోడకు ఆనుకొని నా బండి, బండి వెనక రేకుల షెడ్డు. అంతకుముందు అందులో ఒకాయన పంక్చర్లు వేసేవాడు. అతను ఖాళీ చేశాక ఈయన దిగాడు. నల్లని మనిషి, సుడులు తిరిగిన జుట్టు, షెడ్డు గుమ్మానికి సరిపోయేంత భుజాలు. ఆ రోజు యూనివర్సిటీ పిల్లవాడొకడు బజ్జీలు తింటూ ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నాకు 'కంట్రీ' అన్న ఒక్క మాటే అర్థమైంది. ఆయన చేతిలోని పచ్చి మేకతోలును తాపీగా బకెట్లో వేశాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నడిచి వచ్చి కొట్టాడు. ఒకే దెబ్బ. నా శనగపిండి గిన్నెలో రక్తం పడింది.

"గిదే నా దేశం," అన్నాడు, ఇక్కడ పుట్టి పెరిగినవాడు ఎట్లా అంటాడో అట్లా. "మళ్ళ అడుగుతవా?"

ఆ పిల్లవాడు ముక్కు పట్టుకొని పోయాడు. నేను గిన్నె చూపించి, "ఇప్పుడీ పిండి ఏం చెయ్యాలె?" అన్నాను.

ఆయన గిన్నెలోకి వంగి చూశాడు. "ఈసారికెల్లి మూత పెట్టుకో పెద్దక్కా."

నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ రోజు నుంచి నేను పిండి మీద మూత పెట్టడం అలవాటు చేసుకున్నాను. అది చాలాసార్లు పనికి వచ్చింది.

వాళ్ళ పెద్దలను నిజాం కాలంలో సముద్రం అవతల నుంచి గుర్రపు దళంలోకి తెచ్చారట. పని పోయాక, దళం పోయాక, వాళ్ళకు మిగిలింది మర్ఫా. ఈ నగరంలో పెళ్ళి ఊరేగింపు చూసినవాళ్ళకు దాని గురించి చెప్పనక్కరలేదు. గిన్నెకు తోలు బిగించినట్టుండే డ్రమ్ము, ఢోలు, ఒక బిందె, సన్నని కర్రలు. ఆ దెబ్బ మొదలైతే ముసలివాళ్ళు కూడా కత్తులు తీసి తిప్పుతారు. అందరి పెళ్ళిళ్ళకూ వాయించి వాయించి, అందరూ ఎగిరి ఎగిరి, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఊరు మరిచిపోయింది. మనిషి మొహాన్ని మాత్రం మరవలేదు.

"నా తాత తాతను, గుర్రాన్ని ఒక్క పడవల తెచ్చిండ్రు," అనేవాడు. "గుర్రం ఈడనే సచ్చింది. దాని పిల్లలు ఈడనే పుట్టినయి. ఎవడన్న గుర్రాన్ని అడిగిండా ఏ దేశమని?"

ఇది ఆయన రోజూ చెప్పే మాట. తాగినా తాగకపోయినా చెప్పేవాడు. ఒకసారి చెబితే నవ్వొచ్చేది. పదే పదే వింటే అది నవ్వే మాట కాదని తెలిసేది.

ఆయన చేతికి ఊరికే ఉండడం తెలియదు. టీ గ్లాసు ఇస్తే ముందు దాన్ని వేలితో కొట్టి వినేవాడు, తర్వాత తాగేవాడు. పుచ్చకాయల బండివాడు ఆయనను చూస్తే పట్టా కప్పేసేవాడు, కొనకుండా అన్నింటినీ కొట్టి పోతాడని. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పక్కన తుక్కు దుకాణాల నుంచి ఇనుప చక్రాలు, స్ప్రింగు పట్టీలు, పైపు ముక్కలు మోసుకొచ్చేవాడు. వారాసిగూడ కటికవాళ్ళ దగ్గర తోళ్ళు తెచ్చేవాడు. తోలు మీది వెంట్రుకలను వంకీ కత్తితో గీకి, తడితడిగా ఇనుప కడ్డీకి బిగించి, కొయ్య సుత్తితో చుట్టూ మోదేవాడు. మోదుతూ దానితో మాట్లాడేవాడు. "ఏడ్వవా? ఏడ్వకుంటే ఎట్ల? ఏడ్పిస్త చూడు." కాగితాల మంట మీద కాచి, చెవి ఆనించి విని, నచ్చకపోతే రోడ్డు మీదికి తన్నేవాడు.

ఒకసారి అట్లా తన్నిన డ్రమ్ము మీద ఆటో ఎక్కింది. ఆ పగిలిన చప్పుడుకు అందరం చెవులు మూసుకుంటే, ఈయన పరుగెత్తి పోయి ఆటోవాడిని ఆపాడు. కొడతాడేమో అనుకున్నాం.

"మళ్ళొకసారి ఎక్కియ్యి," అన్నాడు.

"పిచ్చి లేసిందా ఉస్తాద్? టైర్ పోతది."

"గీ సౌండ్ నాకు కావాలె. ఎనుకకు తీస్కొని మెల్లగ ఎక్కియ్యి. నీ చెల్లె పెండ్లికి పొద్దు గూకేదాంక మర్ఫా కొట్టిన, యాదికుందా?"

ఆటోవాడు వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాడు. మా మూలన స్టాండులో ఉండే ఆటోనే. అతను గుర్తుండాలి, తర్వాత మళ్ళీ వస్తాడు.

తోలు వాసనకు చుట్టుపక్కలవాళ్ళు గొడవ చేసేవారు. నాకు ఆ వాసన కొత్త కాదు. మా నాన్న మా ఊళ్ళో చావులకు డప్పు కొట్టేవాడు. నేను డప్పు ముట్టుకుంటే మాత్రం నన్ను కొట్టేవాడు. "నాతోనే ఆఖరు కావాలె ఇది," అనేవాడు. ఆ సంగతి ఈయనకు చెబితే చేతిలోని తోలును ఇంకో రెండు దెబ్బలు మోదాడు. తర్వాత, "మీ నాయన మంచిగ కొట్టిండు," అన్నాడు. డప్పునో, నన్నో అడగలేదు నేను.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. యూనివర్సిటీ పిల్లలు కొందరు సాయంత్రాలు మా బస్తీలో బోర్డు పెట్టి నేర్పేవారు. గుణింతం నోట నిలిచేది కాదు. పగలు బండి దగ్గర గొణుక్కుంటుంటే ఆయన విని, ఇనుప రేకు ముందు పెట్టుకొని కూర్చున్నాడు. క అంటే చిన్న దెబ్బ, కా అంటే సాగే దెబ్బ. తప్పు చెబితే రేకు మీద సుత్తి పడేది. "కలెక్టరమ్మా, మళ్ళ మొదటికెల్లి," అనేవాడు. ఆ సుత్తి భయానికే నాకు చదువు వచ్చింది. ఇప్పటికీ 'కౌ' రాసేటప్పుడు నా భుజాలు ముడుచుకుంటాయి.

ఆ చప్పుళ్ళు గోడ అవతల పాఠాలు చెప్పే ఒక సారును పట్టుకొచ్చాయి. కడప వైపు మనిషి. చెప్పేది లెక్కలు, ప్రాణమంతా సాక్సఫోను మీద. మెడకు ఆ పెద్ద ఇత్తడి బాకా వేలాడేసుకొని షెడ్డు ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, ఆ ఇనుప చక్రం మీద ఇంగొకతూరి కొట్టు."

"నువ్వు ఊదు, నేను కొడ్త," అన్నాడు ఈయన. "నీ ఊపిరి ముందు ఆగుతదో, నా చెయ్యి ముందు ఆగుతదో చూద్దాం."

పందెం కోళ్ళలా పడ్డారు. సారు మెడ నరాలు ఉబ్బి, కళ్ళు ఎర్రబడి, చివరికి నా బల్ల మీద కూలబడ్డాడు. ఈయన కొడుతూనే ఉన్నాడు. ఆల్బమ్ చేయాలన్న మాట ఆ బల్ల మీదే పుట్టింది. షెడ్డుకు దుప్పట్లు వేలాడదీసి, మైకులు పెట్టారు. సారు నా పొయ్యి ఆపమంటే ఈయన ఒప్పుకోలేదు. "నూనె సౌండ్ గూడ ఉండని సార్. అదొక్కటే ఈడ ఏడ్వకుండ పని చేస్తది." వినేవాళ్ళు చినుకులనుకుంటారు కానీ రెండో పాటలో మసిలేది నా మూకుడే.

గొడవ పేరు దగ్గర వచ్చింది. సారు మెత్తగానే అన్నాడు. "నీ పేరు పక్కన ఆఫ్రికా అని ఒక ముక్క రాసినామంటే బయటి దేశాల్లో గూడా వింటారప్పా. అబద్ధం కాదు కదా అది."

ఈయన ముందున్న ఇనుప చక్రం లేచింది. సారు తల పక్కనుంచి పోయి రేకు గోడను చీల్చింది. ఆ చీలిక ఇప్పటికీ ఉంది.

"హైదరాబాద్ అని రాయి. రాయకుంటే నా పేరే వద్దు. నా సామాన్లు గూడ వద్దు."

సారు గోడకు అతుక్కుపోయాడు. "నీ ఊరే రాస్తా. రాసిచ్చినాకే పక్కకు పోతా. ముందు ఆ రెండో చక్రం కింద పెట్టప్పా."

ఆయనకు కావలసింది ఆ ఒక్కటే. ఏ నోరు చూసినా బయటివాడనే ఈ ఊరు, ఒక్క చోటనైనా మావాడని ఒప్పుకోవాలి. దాని కోసం ఎన్ని ముక్కులైనా పగలగొట్టడానికి ఆయన సిద్ధం.

అందుకే సారు టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మే చదువుతున్న అబ్బాయిని షెడ్డుకు తెచ్చిన రోజు ఈయన మొహం మాడిపోయింది. ఆ అబ్బాయి దగ్గర అరచేతంత చెక్క ఉండేది. దానికి ఇనుప నాలుకలు బిగించి ఉంటాయి, బొటనవేళ్ళతో మీటుతారు. సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు.

"నమస్తే అన్నా."

"అన్న అనకు," అని సారు వైపు తిరిగాడు ఈయన. "ఈన్ని నా పక్కన కూసోబెడ్తవా సార్? రేపు నన్ను గూడ వీసా అడుగుతరు."

ఇద్దరినీ షెడ్డు రెండు మూలల్లో కూర్చోబెట్టి సారు పని నడిపించాడు. ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి బజ్జీల కోసం ఎదురుచూస్తూ నా చెక్క బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటున్నాడు. నేను పట్టించుకోలేదు. షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. మరుక్షణం ఈయన ఆ అబ్బాయి కాలరు పట్టుకొని గోడకు ఎత్తి పెట్టాడు.

"ఎవడు నేర్పిండు నీకిది?"

అబ్బాయి కాళ్ళు నేలకు అందడం లేదు. "అమ్మమ్మ... దుంపలు... రోకలి, అన్నా. అమ్మమ్మ దంచుతది."

"అది మా అబ్బ దెబ్బ. మా ఇంట్లది. బయటోళ్ళకు నేర్పం మేం."

"మా అమ్మమ్మ," అన్నాడు ఆ అబ్బాయి మళ్ళీ. అంతకంటే తెలుగు రాలేదు.

ఆయన వదిలేశాడు. ఇంట్లో దొంగలు పడితే ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు. షట్టరు దించి వెళ్ళి కొన్నాళ్ళు రాలేదు. వచ్చిన రోజు పొద్దున్నే ఆ అబ్బాయిని పిలిపించి తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మళ్ళ కొట్టు. తప్పు కొడితే ఏళ్ళు ఇరుగుతయి." కొట్టాడు. తప్పు పోతే మర్ఫా వాయించే సన్నని కర్రతో వేళ్ళ కణుపుల మీద వేసేవాడు. మధ్యాహ్నం అదే వేళ్ళకు తన టిఫిన్ డబ్బా అందించేవాడు. అన్న అనకు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ ఎండాకాలం అందరి ఫోన్లలో ఒకటే వార్త తిరిగింది. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారని, నల్లగా ఉంటారని, భాష రాదని. ఎవరు పంపారో ఎవరికీ తెలియదు. అందరూ నమ్మారు.

మిట్టమధ్యాహ్నం. నూనె కాగింది. తార్నాక బస్టాపు దగ్గర ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి వదిలి రోడ్డు మీదికి పోయిందట. ఆ అబ్బాయి ఉరికి, పిల్లను ఎత్తుకొని ఫుట్‌పాత్ మీదికి తెచ్చాడట. తల్లి పిల్లను అందుకొనేలోపలే ఎవరో కేక వేశారు. నేను చూసింది ఆ తర్వాతదే. అబ్బాయి చొక్కా చిరిగి, నోటి నుంచి రక్తం కారుతూ పరుగెత్తి వచ్చి షెడ్డులో దూరాడు. వెనక జనం. ఈయన బయటికి వచ్చి షట్టరు కిందికి లాగి, దాని ముందు నిలబడ్డాడు. చేతిలో కొయ్య సుత్తి.

ముందున్నది మా మూలమీది ఆటోవాడే.

"ఉస్తాద్, జర పక్కకు జరుగు. నీతోటి మాకు పంచాయితీ లేదు."

"ఏమైంది?"

"పిల్లనెత్తుకపోతుండు వాడు."

"నువ్వు చూసినవా?"

"ఫోన్ల వచ్చింది గదా. గిట్లాంటోళ్ళే అని."

"నేను గూడ గిట్లాంటోన్నే. ఫోన్ల నేనొచ్చిననా?"

"నువ్వెందుకొస్తవ్ ఉస్తాద్? నువ్వు మనోడివి."

వెనక నుంచి ఎవడో కొత్తవాడు అరిచాడు. "ఏం మనోడు? వాని మొఖం చూడు. ఇద్దరు ఒక్కటే."

ఆటోవాడు చేతులు అడ్డం పెట్టాడు. ఆ మాట చెప్పాలి. అతను నిజంగానే అడ్డం పెట్టాడు. "కాదు భాయ్, ఈన మనోడే. మా చెల్లె పెండ్లికి మర్ఫా కొట్టిండు. చెప్పు ఉస్తాద్, జల్ది చెప్పు వీళ్ళకు. నీది ఏ ఊరు?"

జనం ఆగారు. ఆ ప్రశ్నను ఆయనను బతికించడానికి అడగడం నేను వినడం అదే మొదలు. పుట్టినప్పటి నుంచి పిడికిలితో చెబుతున్న జవాబే. గిదే నా ఊరు అంటే చాలు. దారి ఇస్తారు, లోపలికి పోతారు. షట్టరు వెనక ఆ అబ్బాయి ఊపిరి నాకు వినిపిస్తోంది.

ఆయన సుత్తిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "లోపలున్నోడు నా తమ్ముడు. వాంది ఏ దేశమో నాది గదే."

"ఉస్తాద్, మజాక్ చెయ్యకు."

"మజాక్ గాదు. మమ్మల్ని ఒక్క పడవల తెచ్చిండ్రు."

మొదటి దెబ్బ ఆటోవాడిదే. చెంప మీద. తన మాట పోయిందన్న కోపం కాబోలు. తర్వాత ఎవరిది ఏ చెయ్యో తెలియదు. ఈయన ఇద్దరి పళ్ళు రాలగొట్టాడు. ఒకడి చెవి చేతిలోకి వచ్చిందా అన్నట్టు లాగాడు. తర్వాత సుత్తి లాక్కున్నారు. షెడ్డు గోడకు ఆయన వరసగా వేలాడదీసిన ఇనుములుండేవి. స్ప్రింగు పట్టీలు, చక్రాలు, పైపులు, ఒక్కో దానికి ఒక్కో స్వరం. వాటిని పీకి వాటితోనే కొట్టారు. ఆయన ఒంటి మీద అన్నింటికీ ఒకటే చప్పుడు. కింద పడ్డాక కూడా షట్టరు కింద అంచును కుడిచేత్తో పట్టుకొని ఉన్నాడు, ఎత్తనీయకుండా. ఆ చేతిని వదిలించడానికి ఒకడు ఇనుప చక్రాన్ని రెండు చేతులా ఎత్తి దాని మీద వేశాడు. ఎత్తి మళ్ళీ వేశాడు.

నేను మసిగుడ్డతో మూకుడు చెవులు పట్టుకున్నాను. అంత బరువు ఎట్లా లేచిందో తెలియదు. నూనె కొంత నేల మీద, కొంత వాళ్ళ కాళ్ళ మీద, కొంత నా చేతుల మీద పడింది. నేల బుసలు కొట్టింది. కేకలు వేస్తూ చెదిరిపోయారు. ఆటోవాడు ఒక కాలు ఎత్తి కుంటుతూ పోయాడు. పోలీసులు వచ్చేసరికి రోడ్డు మీద చెప్పులు, పచ్చి బజ్జీలు, ఆయన మిగిలారు. షట్టరు ఎత్తితే ఆ అబ్బాయి తోళ్ళ గుట్ట కింద ఉన్నాడు. బతికి ఉన్నాడు.

ఆసుపత్రిలో కానిస్టేబులు మంచం దగ్గరికి వచ్చి కాగితం తీశాడు. "ఏ దేశమయ్యా నీది? పాస్‌పోర్ట్ ఏడున్నది?"

నా చేతులకు కట్లున్నాయి, ఆపలేను. లేచి కొడతాడనుకొని కళ్ళు మూసుకున్నాను. ఆయన మంచం కడ్డీని ఎడమచేతి వేలితో కొట్టి, ఆ చప్పుడు విన్నాడు.

"గుర్రాన్నడుగు సార్. పాస్‌పోర్ట్ దాని తాన్నే ఉన్నది."

కానిస్టేబులు నా వైపు తిరిగాడు. "తలకు గూడ తగిలిందా అమ్మా?"

కుడిచెయ్యి అతికింది కానీ వేళ్ళు ముడవడం మానేశాయి. ఆటోవాడు కాలు మానాక మళ్ళీ బండి దగ్గరికి వచ్చాడు. నేల చూస్తూ నాలుగు మిర్చి అన్నాడు. నేను పొయ్యి ఆపబోయాను. షెడ్డులోంచి ఈయన గొంతు వచ్చింది. "ఆనికి బాగ కారమున్నయి ఏరి వెయ్యి పెద్దక్కా." ఏరి వేశాను. కళ్ళ నీళ్ళు కారుతున్నా మొత్తం తిన్నాడు. అప్పటి నుంచి రోజూ వస్తాడు.

ఆ అబ్బాయిని ఇంటివాళ్ళు వెనక్కి రమ్మన్నారు. పోయేముందు ఒక మధ్యాహ్నం సారు మైకులు సర్దుకోవడానికి వచ్చాడు. "ఉండే పాటలు చాలప్పా. ఇంతటితో ఆపేద్దాం. నీ చెయ్యి..."

"ఒకటి మిగిలున్నది," అన్నాడు ఈయన. "మైకు పెట్టు సార్. నువ్వు మీటు." రెండో మాట ఆ అబ్బాయితో.

అబ్బాయి మీటడం మొదలుపెట్టాడు. ఈయన లేచి, తోళ్ళు గీకే వంకీ కత్తిని ఎడమచేత్తో తీసుకున్నాడు. మొదటి డ్రమ్ము దగ్గర కూర్చున్నాడు. పొడవలేదు. బిగిసిన తోలు నడుమ కత్తి మొన ఆనించి, ఒక్క లాగు లాగాడు. ఎన్నో రోజులు మోది, కాచి, ఏడిపించి బిగించిన తోలు అది. చిరిగేటప్పుడు అది చేసే చప్పుడు మనిషి చప్పుడు. సారు సాక్సఫోను నోటి దాకా తెచ్చుకొని ఊదలేకపోయాడు. ఆ పాటలో సారు ఊపిరి లేదు. ఈయన రెండో డ్రమ్ముకు జరిగాడు. దాన్ని చీల్చాడు. మూడోదానికి జరిగాడు. ఆ అబ్బాయి మీటడం ఆపితే, "మీటు," అని అరిచాడు. ఆ అరుపు కూడా పాటలో ఉంది. వరసగా అన్నింటినీ చీలుస్తూ పోయి, గోడ మూలన ఉన్న చిన్న రాగి మర్ఫా దగ్గర కూర్చున్నాడు. అది వాళ్ళ తాత తాతది. గుర్రంతో పాటు పడవలో వచ్చింది.

కత్తి మొన తోలు మీద ఆనింది. ఆగింది.

ఆయన దాన్ని ఎత్తి ఆ అబ్బాయి ఒళ్ళో పెట్టాడు. "ఇది ఆడికెల్లే వచ్చింది. తీస్కపో."

"నువ్వు కూడా రా అన్నా," అన్నాడు ఆ అబ్బాయి ఏడుస్తూ. "ఇక్కడ ఏముంది? రా, పోదాం."

ఆయన ఎడమచేత్తో వాడి చెంప పగలగొట్టాడు. ఐదు వేళ్ళూ తేలాయి.

"నేనెందుకొస్త? నాది తార్నాక."

అన్న అనకు అని మాత్రం ఆ రోజు అనలేదు.

ఆ తర్వాత ఆయన డ్రమ్ము చేయలేదు. నా బల్ల మీద కూర్చొని ఎడమచేత్తో గ్లాసులు కొట్టేవాడు. ఒకసారి ఎవరో మళ్ళీ ఏ దేశమని అడిగారు. అలవాటు కొద్దీ కుడిచెయ్యే లేచింది. వేళ్ళు ముడవలేదు, పిడికిలి పడలేదు. ఆ తెరిచిన చేతిని కాసేపు చూసుకొని, ఎడమదానితో కొట్టాడు. సరిగా తగల్లేదు. "మూత తీసేయ్ పెద్దక్కా," అన్నాడు నాతో. "ఇంక పిండిల ఏం పడది."

మొన్న చలికాలంలో పోయాడు. నిద్రలో పోయాడట. ఆయనకు నప్పని చావు.

కుర్రవాడి ఫోనులో ఆ పాట ఇంకా సాగుతోంది. "చెప్పు ఆంటీ, ఏ దేశం?" అని మళ్ళీ అడిగాడు. బల్ల చివర ఆటోవాడు కూర్చొని మిర్చి తింటున్నాడు. ఆ చిరుగుడు వినబడుతున్నంతసేపూ మచ్చపడ్డ కాలును బల్ల కిందికి లాక్కుంటూ ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపల అతనే అన్నాడు.

"ఏ దేశం ఏంది తమ్మీ. మనోడే. గీ తార్నాకోడే."

నేను అతని చేతిలోని పొట్లం లాక్కొని రోడ్డు మీద కొట్టాను. "ఆ మాట ఇంకెవరన్న అనని. నువ్వు అనకు."

ఆటోవాడు తల ఎత్తలేదు. లేచి పోలేదు కూడా. కుర్రవాడు బిత్తరపోయి మా ఇద్దరినీ చూశాడు. అప్పుడే ఫోనులో చప్పుడు ఆగిపోయింది. వాడు తెరను వేలితో నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఊపి చూశాడు.

"చివర్ల కట్ అయినట్టున్నది ఆంటీ. ఇంకోటి చిరగాలె గదా. ఫైల్ ఖరాబైందా?"

"కట్ కాలే," అన్నాను. "ఆడ కత్తి ఆగింది."

మూకుడులో పడ్డ గరిటెను పైకి తీసి, పిండి గిన్నె మీద మూత పెట్టాను.